ఐసు దిమ్మల మీద అమ్మ

మా పెరట్లో ఐసు దిమ్మలు పరిచి వాటి మీద మా అమ్మని పడుకోబెట్టేనని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. అబద్ధమైతే దెబ్బలాడేదాన్ని, నిజమే కాబట్టి ఊరుకున్నాను. కానీ ఎందుకు పడుకోబెట్టేనో ఎవరూ సరిగ్గా చెప్పరు, అదీ నా బాధ.

మా అమ్మ పుట్టింది లంకలో. నాట్లేసింది, కలుపు తీసింది, కోతలు కోసింది, అంతా బల్లపరుపు నేల మీదే. ఆవిడ బతుకులో ఎక్కిన ఎత్తల్లా ఏటిగట్టు. అలాంటి మనిషికి ఓ ఆదివారం చర్చిలో పక్కన కూచున్నావిడ ఫోన్లో వీడియో చూపించింది. లంబసింగి దగ్గర ఏదో కొండట. మనుషులు పైన నిలబడి ఉన్నారు, మబ్బులేమో వాళ్ళ కాళ్ళ కింద పాలు పొంగినట్టు పొంగుతున్నాయి. ఇంటికొచ్చి చెప్పుల్తోనే వంటింట్లోకి వచ్చేసింది అమ్మ.

"అమ్మాయ్, మబ్బులు కిందా, మనిషి పైనా! ఇదెక్కడి చోద్యమే?"

"కొండమీంచి చూస్తే అంతేనమ్మా."

"ప్రభువు పిలిచేక ఎలాగూ పైనించే చూస్తాననుకో. ఈలోగా నా కాళ్ళతో నేను నడిచెళ్ళి ఓసారి చూడాలనుందే."

మా అమ్మ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. బండారులంక చీర కొనిస్తే "నాకెందుకే దండగ" అని బీరువాలో పెట్టేసి, పాతదే కట్టుకునే మనిషి. అడగడం కూడా చేతనవునని ఆ రోజే తెలిసింది నాకు. తీసుకెళ్ళాలి, ఎలాగైనా తీసుకెళ్ళాలి అనుకున్నాను.

అనుకోవడం తేలికే. అమ్మ నడుముంది కదా మధ్యలో! ఎన్నో ఏళ్ళుగా అది పట్టేస్తే మూడ్రోజులు మంచం దిగదు. అమలాపురంలో ఎముకల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళేను. ఆయన ఎక్స్‌రే ఫోటోలు చూసి, నొక్కి చూసి, "నడవొచ్చమ్మా, ఎక్కొచ్చు కూడా, నెమ్మదిగా. కానీ నడుముకి చలి మాత్రం తగలనివ్వకండి. రాత్రి చలి పట్టిందో, పొద్దున్న ఈవిడ్ని కొండ ఎక్కించడం కాదు, మోసుకుని దించాలి" అన్నారు.

ఇక్కడే చిక్కంతా. మబ్బులు కనిపించేది తెల్లారేటప్పుడు. కింద లాడ్జిలో పడుకుంటే చీకట్లో లేచి కొండంతా ఎక్కాలి, అది అమ్మ వల్ల కాదు. జీపు వెళ్ళినంత దూరం వెళ్ళి, అక్కడ టెంటులో పడుకుంటే, పొద్దున్న మిగిలేది చిన్న ఎక్కుడే. అంటే డిసెంబరు చలిలో, కొండ మీద, కటిక నేల మీద మా అమ్మ ఒక్క రాత్రి గడపాలి. ఆ నేలకీ ఆవిడ నడుముకీ మధ్య ఏం పరవాలి? రెండు నెలలు నా బుర్రలో ఇదొక్కటే ప్రశ్న.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. వేడి వస్తువు నించి చల్లని వస్తువు వైపు ఉష్ణం ప్రవహిస్తుందని ఏటా బోర్డు మీద ఎర్ర సుద్దతో బాణం గీస్తాను. బాణం గీయడమే గానీ చలంటే ఏంటో నాకేం తెలుసండీ? మా కోనసీమలో చలంటే పండక్కి ముందు నాలుగు రోజులు ఫ్యాను ఒక పాయింటు తగ్గించడం. ఫోన్లో పరుపుల కోసం వెతికితే ఒక్కోదానికీ ఒక నంబరు. నంబరు పెద్దదైతే నేల చలి బాగా ఆపుతుందట. కింద కొన్నవాళ్ళ మాటలు. ఒకడు "సున్నా డిగ్రీల్లో హాయిగా పడుకున్నాం" అంటాడు. వాడి కిందే ఇంకొకడు "గడ్డకట్టి చచ్చేం, కొనకండి" అంటాడు. ఎవణ్ణి నమ్మాలి? వాడు కుర్రాడో, మా అమ్మలా అరవై దాటినావిడో!

మా ఆయన సంగతి సరేసరి. ఆయనది అంతర్వేది దారిలో రొయ్యలకి ఐసు వేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. నెమ్మదస్తుడు. నేను పది మాటలంటే ఒక్క "ఆయ్" అని ఊరుకుంటారు. ఆ రోజు మాత్రం ఊరుకోలేదు.

"మడత మంచం ఉంది కదా, నవారుది. అది పట్టుకెళ్తే సరిపోయె. నేల మీదెందుకు పడుకోవడం?"

అమ్మ కూడా తలూపింది. "అల్లుడుగారు బాగా చెప్పేరు. నేలంటే చెమ్మ. మంచముండగా భయమేంటి?"

మాకు అలాగే అనిపిస్తుంది. మా నేల తవ్వితే నీరు. చెమ్మ, చీమలు, వానాకాలం పాములు. అందుకని పుట్టినప్పట్నించీ మాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, నేలకి ఎడంగా ఉండడం. నాకూ అది సబబుగానే తోచింది. సైన్సు టీచర్ని, నాకూ తోచింది! అప్పటికే నేను గాలి పరుపొకటీ, గుంటలు గుంటలుగా ఉండే ఫోము పరుపొకటీ తెప్పించేను. మంచంతో కలిపితే మూడు. ఏది పట్టుకెళ్ళాలో తేలక, "మన ఊళ్ళో చలుంటే కదా చూసుకోవడానికి!" అని విసుక్కున్నాను.

ఆయన తాపీగా టీ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నారు. "చలి కావాలంటే నేను తెస్తాగా."

ఆదివారం మధ్యాహ్నం మినీ వ్యానులో ఐసు దిమ్మలు దిగేయి. దారిలో కరగకుండా గోనెపట్టాలు చుట్టి, మధ్యలో ఊక కూరేరు. మండపేట మిల్లుల ఊక, మా వైపు పొయ్యిలో వేసి మండించే ఊక. అమ్మ పట్టా ఎత్తి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఐసుకి కూడా దుప్పటి కప్పేరే! చలేస్తుందనా?"

నవ్వేను గానీ ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే కదా. పొయ్యిలో నిప్పయ్యే ఊక, ఐసుని ఐసులా కాపాడుతోంది. అది వేడీ ఇవ్వదు, చలీ ఇవ్వదు. ఉన్నదాన్ని పోకుండా పట్టుకుంటుంది, అంతే. ఇన్నేళ్ళు పాఠం చెప్పి కూడా ఆ ఊక ముందు నిలబడి కొత్తగా ఆశ్చర్యపోయేను.

దిమ్మల్ని పెరట్లో గచ్చు మీద పక్కపక్కనే పేర్చేం. ముందు నేను పడుకుని చూస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "నీ నడుం సంగతి ఎవడిక్కావాలి? చలి పట్టేది నాక్కదా" అని చెంగు బిగించి తయారైపోయింది. డాక్టరుగారి మాట గుర్తుచేసి, కాసేపే, ఒళ్ళు జివ్వుమంటే వెంటనే లేచిపోవాలని ఒట్టు వేయించుకుని సరేనన్నాను.

మొదట నవారు మంచం. ఐసు మీద మంచం, మంచం మీద అమ్మ. నిండా దుప్పటి కప్పేను. ఆవిడ ఇంకా "బానే ఉందే" అంటూనే ఉంది, టక్కున లేచి కూచుంది. "బాబోయ్! కిందనించి ఎవరో చల్లటి ఊపిరి ఊదుతున్నట్టుందే!" మా ఆయన మొహం చూడాలి. వేసంకాలం ఏ నవారు సందుల్లోంచి వచ్చే గాలికి మేం ప్రాణం లేచొచ్చిందంటామో, ఆ గాలే ఇక్కడ శత్రువు. దుప్పటి ఎంత కప్పితే ఏం, అడుగంతా ఖాళీగా ఉంటే!

తరవాత గాలి పరుపు. అది భలే మెత్తన. అమ్మ పడుకుని "ఆహా, పెళ్ళికూతుర్లా ఉంది" అంది. మరి కాసేపటికి మాట్లాడ్డం మానేసింది. నేను చెయ్యి పట్టుకుంటే, "చల్లబడుతోందే. ముందు తెలీలేదు, మెల్లిగా వస్తోంది" అంది. లోపల ఉన్న గాలే చల్లబడి, ఒంటికి చలి మోసుకొస్తోంది. ఇదే రాత్రి నిద్రలో అయితే తెలిసేసరికి తెల్లారిపోదూ?

అప్పుడు మా ఆయన ఇంట్లోంచి మామూలు చాప ఒకటి తెచ్చి, "ఇది కూడా చూద్దాం, కొండ మీద టెంటు అద్దెకిచ్చేవాళ్ళు వేసేది ఇలాంటిదేనట" అని పరిచేరు. అమ్మ దాని మీద పడుకుంది. వెల్లకిలా, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, లోపల ఏదో కీర్తన పాడుకుంటోంది కాబోలు.

సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారు పెరటి గుమ్మంలోంచి తొంగిచూసేరు.

మా వైపు ఇంటికి ఐసు దిమ్మలు దిగేయంటే ఒకటే అర్థం. మస్కట్ నించో కువైట్ నించో ఎవరో రావాలి, వచ్చేదాకా పోయిన మనిషిని ఉంచాలి. ఇప్పుడు ఫ్రీజరు పెట్టెలొచ్చేయి గానీ మా వీధికి ఇంకా ఐసే గుర్తు. పిన్నిగారు ఒక్క కేక పెట్టేరండీ! "అయ్యో అక్కా! పొద్దున్నే కదే నా చేత్తో కొబ్బరికాయ ఇచ్చేను! ఇంతలోకే ఎంత పనయ్యిందే!" అని గుండెలు బాదుకుంటూ వచ్చి అమ్మ కాళ్ళ మీద పడ్డారు.

అమ్మ కళ్ళు తెరిచి, "ఆ కాయ కుళ్ళిపోయింది చెల్లీ" అంది.

పిన్నిగారు వెనక్కి పడబోతే మా ఆయన పట్టుకున్నారు. ఆవిడ తేరుకునేసరికి గుమ్మం దగ్గర నలుగురు పోగయ్యేరు. నవ్వలేక అందరికీ కడుపు నొప్పులు. "మతులున్నాయా మీకు? బతికున్న మనిషిని ఐసు మీద పడుకోబెట్టడమేంటి, అపశకునం కాదూ?" అని పిన్నిగారు నన్ను నాలుగు దులిపేరు. అమ్మేమో తీరిగ్గా, "వెళ్ళేదాన్నే గానీ, ముందు మబ్బులు చూసొచ్చి వెళ్తాలే" అంది. అందరూ మళ్ళీ నవ్వేరు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అమ్మని లేపి చాప తీసేను. చూద్దును కదా, ఐసు మీద గుంటలు. భుజాలు ఆనిన చోట రెండు, నడుం ఆనిన చోట పెద్దది, మడమల దగ్గర చిన్నవి. మా అమ్మ ఆకారం ఐసులో దిగిపోయి ఉంది. గుంటల్లో నీళ్ళు నిలిచేయి. ఎర్ర సుద్దతో నేను గీసే బాణం అదీ! ఆ ఐసుని కరిగించింది ఎండ కాదు, మా అమ్మ ఒంట్లో వేడి. ఆవిడలోంచి అలా నిశ్శబ్దంగా కారిపోయి, రాయిలాంటి ఐసుని నీళ్ళు చేసింది. రాత్రంతా కొండ నేల ఇలాగే తాగేస్తే ఏం మిగులుతుంది మనిషిలో? చాప పట్టుకుని అలా నిలబడిపోయేను.

"ఏమే, దెయ్యం పట్టినట్టు చూస్తావు? ఆ మిగిలిందేదో వేసెయ్" అంది అమ్మ.

మిగిలింది ఫోము పరుపు. ఇడ్లీ రేకుకున్నట్టు వరసగా గుంటలు, ఓ వేపు వెండి పూత, ఎత్తితే పువ్వంత బరువు. మా ఆయన దాన్ని ఒక వేలితో లేపి, "ఇది పరుపా? ఆటసామానా?" అన్నారు. నాకూ నమ్మకం లేదు. చేసేదేముంది, దిమ్మల్ని తిరగేసి, చదునైన వేపు మీద పరిచేం. ఒక మడత మీద కాసేపటికి చిరుచల్లన తెలిసింది. రెండు మడతలు వేసి నడుం కిందికి వచ్చేలా సర్ది, దాని మీద అమ్మ తనే పాత చీరలతో కుట్టిన బొంత పరిచేం.

అమ్మ పడుకుంది. ఎంతసేపు పడుకుందో గుర్తులేదు. పిన్నిగారు కుర్చీ వేయించుకుని కాపలా కూచున్నారు, నమ్మకం కుదరక. వీధి వాళ్ళు ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేరు. అప్పుడు అమ్మ తన చేతిని నడుం కిందికి పోనిచ్చి తడిమి చూసుకుంది. పసిపిల్ల పక్క తడిసిందేమో చూస్తారు చూడండి, అలాగ. ఆవిడ మొహం మారిపోయింది.

"వెచ్చగా ఉందే! కింద ఐసుంది కదా? ఎక్కణ్ణించొచ్చిందే ఈ వెచ్చన?"

"నీదేనమ్మా."

"నాదా?"

"నీ ఒంట్లోదే. ఇందాక ఐసు తాగేసింది. ఇది పోనివ్వకుండా నీకే ఉంచుతోంది."

అమ్మ ఆ చెయ్యి తీసి, కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంది. నాట్లేసి నాట్లేసి వేళ్ళు వంకర్లు పోయిన చెయ్యి. "నాలో ఇంత వేడుందేంటే!" అంది. ఆ మాట అన్న తీరు నేను చచ్చేదాకా మర్చిపోలేను. ఎవరో ఆవిడకి పెద్ద బహుమతి ఇచ్చినట్టూ, అది తనదేనని ఇప్పుడే తెలిసినట్టూ. పరుపు ఎత్తి చూస్తే ఐసు పలకలా చదునుగా ఉంది, గుంటన్నదే లేదు. మా ఆయన వంగి వేలితో రాసి చూసి "ఆయ్" అన్నారు. నేను అదే ఫోము పరుపు మరి రెండు తెప్పించేను. అమ్మకి రెండు, నాకొకటి. మంచం అటకెక్కింది.

క్రిస్మస్ వెళ్ళిన వారం బయల్దేరేం. తుని దాటి, నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కుతుంటే అమ్మ కారు అద్దానికి ముక్కు ఆనించి కూచుంది. "భూమి ఇలా లేచి నిలబడుతుందా!" అంటుంది. ప్రతి మలుపులోనూ "స్తోత్రం, స్తోత్రం" అంటుంది. భయానికో సంతోషానికో తెలీదు. జీపు మారి టెంటు దగ్గరికి చేరేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు. దిగేడో లేదో చలి మీద పడింది. అలాంటి చలి నాకు తెలీదు. నోట్లోంచి పొగ వస్తుంటే మా ఆయన చిన్నపిల్లాడిలా ఊదుకుంటూ నిలబడ్డారు. పైగా గొప్పలు. "ఐసు ఫ్యాక్టరీ మనిషిని, నాకేంటి చలి?" అని ఒక దుప్పటితో జీపులో పడుకుంటానని వెళ్ళేరు. రాత్రంతా పళ్ళు టకటకలాడించేరని డ్రైవరు పొద్దున్న చెప్పేడు.

టెంటులో నేను పరుపులు విప్పుతుంటే, అమ్మ వంగి టెంటు అడుగు మీద అరచెయ్యి ఆనించింది. తియ్యలేదు.

"ఈ చల్లదనం నాకు తెలుసే" అంది.

"ఐసు దిమ్మలదా?"

"కాదు. బడి గచ్చుది. పెద్ద తుఫానొచ్చినప్పుడు, నువ్వు నెలల పిల్లవి. మన పాక పోయింది కదా, బళ్ళో పెట్టేరు అందర్నీ. గచ్చంతా నీళ్ళు. ఒంటి మీద బట్టలు తప్ప పొడిగుడ్డ లేదు ఎవరి దగ్గరా."

"మరి నన్నెక్కడ పడుకోబెట్టేవు?"

"ఎక్కడేంటి, పొట్ట మీద. బోర్లా వేసుకుని వెల్లకిలా పడుకున్నాను. నువ్వు చక్కగా నిద్రపోయేవు. కదిలితే లేస్తావని నేను కదల్లేదు."

"నీ కిందో?"

"నా కింద గచ్చు" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. "రెండు రాత్రులు. అప్పట్నించే కదా ఈ నడుం."

ఈ నడుం నొప్పి నేను పుట్టినప్పట్నించీ చూస్తున్నదే. ఎలా వచ్చిందమ్మా అని ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఐసులో చూసిన ఆ గుంటలు గుర్తొచ్చేయి. ఆవిడ వేడిని అడుగునించి గచ్చు తాగుతుంటే, పైనించి నేను తాగేను. ఇద్దరికీ ఇచ్చి ఆవిడ పడుకునే ఉంది. నాకు ఏడుపాగలేదు. ఏడిస్తే అమ్మ తిట్టింది. "ఏడవకు, ముక్కు దిబ్బడేస్తుంది. ఆ పరుపు వెయ్యి ముందు, కాళ్ళు కొంకర్లు పోతున్నాయి."

రెండు పరుపులు వేసేను, బొంత పరిచేను, మూల మూలా నొక్కి చూసేను. నా పరుపు కూడా ఆవిడ కిందే వేస్తానంటే కసిరింది. పడుకున్నాక చెయ్యి కిందికి పోనిచ్చి తడుముకుని, "ఉంది, నా వేడి నా దగ్గరే ఉంది" అని చిన్నగా నవ్వి అటు తిరిగింది. నేను ఎప్పుడు నిద్రపోయేనో తెలీదు.

మెలకువ వచ్చేసరికి టెంటు గుడ్డ బూడిద రంగులోకి తిరుగుతోంది. అమ్మ వెల్లకిలా, కదలకుండా ఉంది. నడుం పట్టేసిందా? "అమ్మా, లేవగలవా?" ఆవిడ కాళ్ళు ముడిచింది, పక్కకి ఒత్తిగిలింది, చెయ్యి ఆనించి, మోకాలి మీదికి వచ్చి, నిలబడింది. నిలబడి నడుం మీద రెండు చేతులూ వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అరవకే, లేచేనుగా. పద, మబ్బులు వెళ్ళిపోతాయేమో" అంది, వాటికేదో బస్సు టైమున్నట్టు. పరుపు మడత పెడుతూ దాని అడుగున చెయ్యి పెట్టేను. కొండ నేల మంచులా ఉంది. పైన బొంత ఇంకా వెచ్చగా ఉంది.

ఎక్కేం. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి మా ఆయన పట్టుకున్నాం. పరుపు ఆయన చంకలో ఉంది, పైన కూచోడానికి. రాళ్ళన్నీ మంచుకి తడిసి జారుతున్నాయి. అమ్మ తల వంచి, ఎక్కడ అడుగు వేస్తోందో అదే చూసుకుంటూ ఎక్కింది, గట్టు మీద నడిచినట్టు.

పైకి చేరేం. నేను ముందు చూసేను. ఏం చెప్పమంటారు? వరదొచ్చినప్పుడు గోదారి లంకల్ని ముంచేసి కనుచూపు మేర పరుచుకుంటుంది చూడండి, అలా తెల్లటి వరద. కొండల తలలు మాత్రం లంకల్లా తేలుతున్నాయి. ఆ అంచున ఎర్రగా సూర్యుడు పైకొస్తున్నాడు. మా ఆయన రాతి మీద పరిచిన పరుపు మీద కూలబడ్డాను.

"అమ్మా! చూడు! చూడవే!"

అమ్మ ఆయాసంతో వచ్చి నా పక్కన చతికిలబడింది. ఇంకా తల ఎత్తలేదు. వంకర వేళ్ళ చేతిని నా కిందికి, పరుపుకీ నాకూ మధ్యకి పోనిచ్చి, అటూ ఇటూ తడిమి చూసింది.

"తగలట్లేదులే నీకు" అంది. అప్పుడు తలెత్తి మబ్బుల్ని చూసింది.